అచ్చమ్మను నాలుగుసార్లు సాగనంపారు

ఆ శనివారం ఏ వేళకు ఏం జరగాలో ముందురోజు సాయంత్రమే ఖాయమైంది. ఏడున్నరకు తెనాలి నుంచి కారు వస్తుంది. ఎనిమిదికి అచ్చమ్మ అందులో ఎక్కుతుంది. పదకొండు లోపల తెనాలి కంటి ఆసుపత్రిలో ఉంటుంది. కుడికంటి శుక్లం తీయించుకుని, నాలుగు రోజులు కూతురు క్రిస్టినా ఇంట్లో పడుకుని, బుధవారం తిరిగి వస్తుంది. ఇందులో కష్టమేమీ లేదు. కష్టమల్లా అచ్చమ్మ అక్క జ్ఞానమ్మతోనే.

జ్ఞానమ్మకు డెబ్బై ఒకటి, అచ్చమ్మకు అరవై ఆరు. ఇద్దరూ బడిపంతులమ్మలుగా చేశారు. ఇద్దరూ భర్తలను పోగొట్టుకున్నారు. రేపల్లె అవతల కృష్ణ కరకట్ట కింద రెండు గదుల పెంకుటింట్లో కలిసి ఉంటున్నారు. జ్ఞానమ్మ లెక్కలో ప్రయాణాలు రెండే రకాలు: మనిషి తిరిగి వచ్చినవి, రానివి. ఏది ఏ రకమో బయలుదేరేటప్పుడు తెలియదు కాబట్టి ఆమె అన్నిటికీ ఒకేలా ఏడ్చేది. చెల్లెలు పాలకేంద్రానికి వెళ్ళినా గేటు దాకా వచ్చేది. రేపల్లె వెళ్తే కరకట్ట ఎక్కి, బస్సు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపి, ఆ తర్వాత కూడా కాసేపు ఊపేది.

నిజానికి ఈ ఆపరేషన్ రెండు నెలల కిందటే జరగాలి. డాక్టరు గుంటూరు నుంచి నెలలో మొదటి శనివారం మాత్రమే తెనాలి వస్తాడు. మొదటిసారి అచ్చమ్మ గేటు దాటుతుంటే ఎవరో తుమ్మారు. రెండోసారి అక్క ఏడుపు చూసి కాలు కదలక బస్సు తప్పిపోయింది. మూడోసారి కూడా రాకపోతే పేరు కొట్టేస్తామని నర్సు ఫోన్లో ఖండితంగా చెప్పింది. అచ్చమ్మ ఎడమకన్ను ఎప్పుడో పేరుకు మిగిలింది. ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని ఆమెది. రెండు నెలలుగా ఆ వారం ఏ భాగం చదవాలన్నా, కళ్ళద్దాలు సర్దుకుని, పేజీ తిప్పి, తనకు కంఠతా వచ్చిన కీర్తనలే అప్పజెబుతోంది. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. కానీ వచ్చిన కీర్తనలు అయిపోవస్తున్నాయి.

శుక్లాలు జ్ఞానమ్మకూ ఉన్నాయి. పరీక్షలన్నీ ఇద్దరికీ కలిపే చేయించింది క్రిస్టినా. జ్ఞానమ్మ మాత్రం ఆపరేషన్ తనకు వద్దంది, చూసినవి చాలంది.

కారు క్రిస్టినా భర్త వినోద్ కుమార్‌ది. తెనాలిలో రోడ్ల కాంట్రాక్టరు. 2008లో హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి వదిలించుకుంటున్న విదేశీ కారును సెకండ్ హ్యాండులో కొన్నాడు. దాన్ని నడపడానికి బాపట్ల నుంచి రహమతుల్లాను తెచ్చుకున్నాడు. రహమతుల్లా ముప్పై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ తోలినవాడు. ఒక్కనాడూ తన బండిని ఒకరి చేత తోయించలేదని పేరు. కొత్త కారులో చేరి పదకొండు రోజులైంది. అందులో క్లచ్చి లేదు కాబట్టి ఎడమకాలికి పని పోయింది. చేతిబ్రేకు కర్ర ఉండాల్సిన చోట మంచినీళ్ళ సీసా పెట్టుకునే గుంట ఉంది. బ్రేకుకు బదులు స్టీరింగు పక్కన అగ్గిపెట్టెంత బటన్ ఉంది. దాని సంగతి వినోద్ కుమార్ ఒక్క ముక్కలో చెప్పాడు. నొక్కితే పట్టుకుంటుంది, వెళ్ళేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే అదే వదిలేస్తుంది, నువ్వు చేసేదేమీ లేదు అని. చేతకాకపోతే ఇప్పుడే చెప్పు, వేరేవాణ్ణి చూసుకుంటానని కూడా చెప్పాడు.

ఈ పదకొండు రోజుల్లో రహమతుల్లాకు ఆ బటన్‌తో అవసరం పడలేదు. తెనాలికీ బాపట్లకూ రేపల్లెకూ నడుమ దేవుడు కొండ పెట్టలేదు. ఎత్తంటే కాలవ వంతెనలు, కరకట్ట, అంతే. ఎక్కడ ఆపినా చక్రం కింద ఇటుక పెట్టడం ఆయన అలవాటు. కొత్త కారు డిక్కీలో కూడా పాత ఇటుకలు రెండు పెట్టుకున్నాడు. కారు ఎక్కగానే అది టింగుటింగుమని కాసేపు మోగేది, స్టీరింగు ముందున్న మీటర్ల అద్దం వెనక ఏవో ఎర్ర బొమ్మలు వెలిగేవి. విదేశీ కార్లకు అదొక ముచ్చట కాబోలనుకున్నాడు.

కారు ఏడుంబావుకే వచ్చేసింది. వచ్చేటప్పుడే పోయే ముఖం పెట్టుకోవాలన్నది రహమతుల్లా నియమం. కరకట్ట మీదే కారును తిప్పి, ఇంటికి దిగే వాలుదారిలో వెనక్కి దించుకుంటూ వచ్చి, సగంలో ఆపాడు. రాత్రి వానకు కిందంతా బురద. బటన్ నొక్కాడు. గుర్రుమని చిన్న చప్పుడు చేసి కారు ఉన్నచోట నిలబడిపోయింది. దిగి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మెచ్చుకుని, అయినా చక్రాల వెనక ఇటుకలు పెట్టాడు.

నాలుగు రోజుల ప్రయాణానికి జ్ఞానమ్మ సర్దిన సామాను చూసి, ఇల్లు మారుతున్నారా అని ఆయన అడగబోయి మానుకున్నాడు. పది కిలోల బియ్యం, గోంగూర పచ్చడి జాడీ, రెండు దుప్పట్లు, ఆరు కొబ్బరికాయలు, తెనాలిలో కరెంటు పోతే పనికొస్తుందని ఒక లాంతరు. సంఘపెద్ద మోషే ప్రార్థనకు వచ్చాడు. మోషే క్లుప్తంగా ప్రార్థన చేయలేడు. రేపల్లె నుంచి తెనాలి దాకా ఉన్న వంతెనలను పేరుపేరునా తలుచుకుని ప్రభువుకు అప్పజెప్పాడు. జ్ఞానమ్మ చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని, ఎప్పుడూ ఏడ్చినంతా ఏడ్చింది. అచ్చమ్మ వెనక సీట్లో కూర్చుంది. రహమతుల్లా ఇటుకలు తీసి డిక్కీలో వేసి, బిస్మిల్లా అని యాక్సిలరేటరు తొక్కాడు.

కారు వెనకభాగం కుంగింది. ముక్కు పైకెత్తింది. బరువు లాగే ఎద్దులా మూలిగింది. కదల్లేదు.

ఇంజను ఇంకా వేడెక్కలేదని రహమతుల్లా అన్నాడు. తెనాలి నుంచి నలభై కిలోమీటర్లు వచ్చిన ఇంజను అది. మరోసారి తొక్కినా, బటన్ మళ్ళీ నొక్కి చూసినా అంతే. టింగుటింగుమని మోగింది, ఎర్రబొమ్మ వెలిగింది, బండి మాత్రం అంగుళం జరగలేదు.

అప్పుడు జ్ఞానమ్మ చెల్లెల్ని దిగమంది. బయలుదేరి ఆగిన మనిషి మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొదటినుంచి బయలుదేరాలి. ఇది బైబిల్లో లేదని జ్ఞానమ్మకు తెలుసు. శకునం కోసం కాదు, ఎండకు నాలుక ఎండుతుందని మంచినీళ్ళు తాగమంటున్నానని మోషేతో చెప్పింది. బయట మబ్బు పట్టి చలిగాలి వేస్తోంది. మోషే తనకూ ఒక గ్లాసు ఇవ్వమన్నాడు.

రెండోసారి సాగనంపడానికి పక్కింటి వీరరాఘవయ్య కూడా వచ్చాడు. ఆయన కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు లస్కరుగా చేసి, తలుపులు ఎత్తీ దించీ రిటైరైనవాడు. ఎత్తుపల్లాల సంగతి ఆ చుట్టుపక్కల ఆయనే చెప్పాలి. కారు కుంగడం చూసి, ఇది బరువు రోగమని తేల్చాడు. సామానంతా దింపించాడు. ఆసుపత్రి కాగితాల సంచి ఒక్కటే కారులో మిగిలింది. మోషే మళ్ళీ ప్రార్థించాడు. ఈసారి వంతెనలతోపాటు యంత్రాన్ని కూడా కలిపాడు. జ్ఞానమ్మ మళ్ళీ చేతులు పట్టుకుంది, మళ్ళీ ఏడ్చింది, మొదటిసారికి తగ్గకుండా ఏడ్చింది. కారు మళ్ళీ కుంగింది. సామాను లేకపోవడంతో మూలుగు ఇంకా స్పష్టంగా వినబడింది.

తెనాలికి ఒక్క ఫోను చేసి అల్లుడు గారిని అడగరాదా అంది అచ్చమ్మ. రహమతుల్లా జేబులో సెల్లు ఉంది. దాన్ని పైనుంచే తడుముకుని, ఇంత చిన్నదానికి సార్‌ను ఎందుకండి అన్నాడు. చేతకాకపోతే చెప్పమన్న మాట ఆయన చెవిలో ఇంకా మోగుతోంది.

దిగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మూడోసారి ఎక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఇక తోయడమే మార్గమన్నాడు వీరరాఘవయ్య. ముప్పై ఏళ్ళ పేరు పోతుందని రహమతుల్లా మొహం మాడ్చుకున్నాడు గానీ, కాదనలేకపోయాడు. అదే సమయానికి కరకట్ట మీద రేపల్లె బస్సు వచ్చింది. కింద జనం మూగి ఉండటం చూసి కండక్టరు బస్సు ఆపించాడు. పదిమంది మగవాళ్ళు దిగి వచ్చారు.

వాళ్ళు చూసింది ఇది. వెనక సీట్లో ఒక ముసలామె వెల్లకిలా తల వాల్చి, కళ్ళు మూసుకుని ఉంది. ఆపరేషన్‌కు ముందు గంటగంటకూ చుక్కలు వేసుకుని కళ్ళు మూసుకోవాలని నర్సు చెప్పింది. ఆ చుక్కలే చెంపల మీదికి కారుతున్నాయి. కిటికీ దగ్గర ఇంకో ముసలామె చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బైబిలు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఈమె ప్రయాణాన్ని ప్రభువు చేతుల్లో పెడుతున్నాడు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన కారు కదలడం లేదు. ఇది చూశాక ఎవరైనా ఒకటే అనుకుంటారు. అడిగితే ఇంకా బాధపడతారని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు సగం గొడవ జరిగేది కాదు.

పదిమందీ భుజాలు పెట్టి తోశారు. కారు కింద పాతేసినట్టు నిలబడింది. అరగంట తోసి, బురద తుడుచుకుని, జ్ఞానమ్మ వైపు జాలిగా చూసి, ధైర్యంగా ఉండమని చెప్పి బస్సెక్కారు. ధైర్యం చెప్పాల్సినంత ప్రయాణమే ఇదని తాను మొదట్నుంచీ అంటూనే ఉన్నానని జ్ఞానమ్మ ఇంకాస్త ఏడ్చింది.

బస్సు తర్వాతి ఊళ్ళో ఆగింది. అక్కడి చర్చిలో అచ్చమ్మ ఇరవై ఏళ్ళు ఆదివారపు బడి నడిపింది. పావుగంట తిరగకుండా అటువైపు నుంచి గంట వినబడింది. ఒక దెబ్బ, చాలాసేపు ఆగి ఇంకో దెబ్బ. మోషే ప్రార్థన మధ్యలో ఆపేశాడు. ఆ కొట్టడం మనిషి పోయినప్పటి కొట్టడం. తన సంఘంలో ఎవరైనా పోతే మొదటి కబురు తనకే రావాలి. తనకు చెప్పకుండా ఎవరు పోయారో తెలియక ఆయన మనసు కష్టపెట్టుకున్నాడు.

అంతలో సైకిలు మీద ఏసుబాబు వచ్చాడు. ఏసుబాబు వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేస్తాడు. ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే పెట్టె కూడా ఆయనే చేస్తాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. మొహం దిగులుగా పెట్టుకుని సైకిలు స్టాండు వేశాడు. కారు పక్కకు వచ్చి లోపలికి తొంగి చూశాడు. అచ్చమ్మ కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది.

"ఏంటి ఏసుబాబూ, ఇలా వచ్చావు?" అంది.

"కిటికీ రెక్కలు కొలుద్దామనండి."

"మా కిటికీలకు రెక్కలున్నాయి కదా నాయనా."

"ఉన్నాయండి. ఉన్నాయో లేదో చూసిపోదామని."

గంట మళ్ళీ ఒక దెబ్బ మోగింది. అచ్చమ్మ చెవి అటు పెట్టింది. "పాపం, ఎవరికో ఆ గంట."

ఏసుబాబు నేల చూపులు చూస్తూ టేపును చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"మీకేనండి," అన్నాడు.

అచ్చమ్మ కారు దిగింది. బతికే ఉన్నట్టు అందరికీ కనబడాలని ఆ వాలులో కిందికీ పైకీ రెండుసార్లు గబగబా నడిచింది. ఏసుబాబును సైకిలెక్కించి, పోయి ఆ గంట ఆపించమని మోషే పంపేశాడు. తనకు కబురెందుకు రాలేదో తెలిసినందుకు మోషే మొహం మాత్రం కొంచెం తేటపడింది. ఈ కారు కట్ట మీదికి ఎక్కేదాకా నేను ఇందులో కాలు పెట్టనని అచ్చమ్మ చెప్పేసింది. కారు తన దారిన పైకి రావాలి, తాను తన కాళ్ళతో పైకి వస్తుంది, అక్కడ ఎక్కుతుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మూడోసారి మంచినీళ్ళు తాగి, అక్కను నాలుగోసారి ఏడిపించి, ఆమె కరకట్ట ఎక్కి రోడ్డు పక్కన నిలబడింది. తొమ్మిదీ నలభై అయింది.

కింద రహమతుల్లా ఒక్కడే కారులో కూర్చున్నాడు. వీరరాఘవయ్యా మోషే వెనక చేరి బండికి భుజాలు ఆనించారు. జ్ఞానమ్మ ఏడ్చేసిన కళ్ళతో ఎడమవైపు కిటికీ దగ్గరికి వచ్చింది. చెల్లెలు కారులో లేదు కాబట్టి ఆమె భయమంతా ఇప్పుడు డ్రైవరు మీదికి మళ్ళింది.

"బాబూ, నీ భుజం పక్కన వేలాడే ఆ పట్టీ ఏంటి?"

"సీటు బెల్టండి. పట్నంలో పోలీసుల కోసమండి."

"కట్టుకో."

"ఇక్కడ పోలీసులెవరున్నారండి అమ్మగారూ?"

"నీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే ఆడపిల్లండి. రిహానా. బాపట్లలో ఇంటరు చదువుతోంది."

"బండి వెనక్కి జారి బురదకాలవలో పడితే ఆ పిల్లకు నేనేం చెప్పాలి? కట్టుకో."

రహమతుల్లా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, కాలు యాక్సిలరేటరు మీదనుంచి తీయకుండా, రెండో చేత్తో బెల్టు ముందుకు లాగాడు. దాన్ని ఎక్కడ తగిలించాలో ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ తగిలించలేదు. ఇంజను రంకె వేస్తోంది. జ్ఞానమ్మ తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆమె మసక కళ్ళకు బెల్టు తగిలించే గాడి కనబడలేదు. సీట్ల మధ్య తడిమి తడిమి, దొరికించుకుని, ఇనపముక్కను అందులోకి నొక్కింది.

టక్కుమంది. టింగుటింగు ఆగిపోయింది. ఎర్రబొమ్మ ఆరిపోయింది. కారు బాణంలా వాలెక్కింది.

వెనక భుజాలు ఆనించిన ఇద్దరూ బురదలో బోర్లా పడ్డారు. జ్ఞానమ్మ పక్క తలుపు ఆ ఊపుకు దానంతటదే మూసుకుంది. కట్ట మీద అచ్చమ్మ, బస్సును ఆపినట్టు చెయ్యి అడ్డంగా చాపి నిలబడి ఉంది. కారు ఆమె పక్కనుంచి వెళ్ళిపోయింది.

"ఆపు బాబూ, మా చెల్లెలు," అంది జ్ఞానమ్మ.

"ఆపనండి. ఇదిప్పుడు ఎందుకు కదిలిందో నాకు తెలియదండి. ఆపితే మళ్ళీ కదులుతుందని నేనెట్లా చెప్పను?"

జ్ఞానమ్మ వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద అచ్చమ్మ చిన్నదైపోతోంది. కాసేపు నోరు తెరుచుకుని నిలబడి, ఇంకేం చేయాలో తోచక, చెయ్యి ఊపింది. డెబ్బై ఒక్క ఏళ్ళలో జ్ఞానమ్మకు ఎవరైనా అలా చెయ్యి ఊపడం అదే మొదలు. ఎప్పుడూ ఊపే వైపే ఆమె ఉండేది. ఏడుపు వస్తుందని చెంగు సిద్ధం చేసుకుంది. రాలేదు. సీటు మెత్తగా ఉంది. చెట్లు ఎదురొచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. భట్టిప్రోలు దగ్గరికి వచ్చేసరికి, ఆ కనబడే పొగగొట్టం ఏ మిల్లుదని అడుగుతోంది. వెళ్ళేవాళ్ళకు చూసుకోవడానికి ఇన్ని ఉంటాయనీ, ఏడవడానికి తీరిక దొరకదనీ ఆమెకు ఇంతకాలం ఎవరూ చెప్పలేదు. తనను వదిలి వెళ్ళినవాళ్ళందరి మీదా ఆమెకు కొంచెం కోపం వచ్చింది.

వేమూరు దగ్గర రైలుగేటు పడి ఉంది. రహమతుల్లా ఆపలేదు. పక్కనే ఉన్న రైసుమిల్లు ఆవరణలోకి కారు తిప్పి, రైలు వెళ్ళి గేటు లేచేదాకా ధాన్యం బస్తాల చుట్టూ మూడు చుట్లు తిప్పాడు. ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ ఎవరో అధికారి అయి ఉంటుందని మిల్లు గుమస్తా లేచి దణ్ణం పెట్టాడు. జ్ఞానమ్మ తిరిగి పెట్టింది.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా కారు ఆసుపత్రి ముందు ఆగింది. అక్కడ చదును కాబట్టి రహమతుల్లా ధైర్యం చేశాడు. గుమ్మంలో వినోద్ కుమార్, క్రిస్టినా ఎదురు చూస్తున్నారు. కారులోంచి అత్తగారికి బదులు పెద్దత్తగారు దిగడం చూసి వినోద్ కుమార్ డ్రైవరును నిలదీశాడు. రహమతుల్లా జరిగిందంతా దాచకుండా చెప్పి, ఇక తనను పంపేయమని తలవంచుకున్నాడు. వినోద్ కుమార్ బెల్టు దగ్గరే ఆగిపోయాడు. కారులో ఉన్న పుస్తకం తీసి, నించునే నాలుగు పేజీలు తిరగేశాడు. డ్రైవరు బెల్టు పెట్టుకుంటే తప్ప ఆ బ్రేకు తనంతట తాను వదలదని అందులో బొమ్మ వేసి మరీ ఉంది.

"మరి ఈ ముక్క చెప్పలేదేంటండి సార్?" అన్నాడు రహమతుల్లా.

వినోద్ కుమార్ ఎప్పుడూ బెల్టు పెట్టుకునే మనిషి. అందుకని ఆయనకూ ఆ సంగతి తెలిసే అవసరం రాలేదు. పుస్తకం అంతకుముందు తెరవలేదు కూడా. దాన్ని మూసి రహమతుల్లా చేతిలో పెట్టి, చదువుకోమన్నాడు. చేతకాకపోవడం గురించి ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

లోపల నర్సు అచ్చమ్మ పేరు పిలిచింది. డాక్టరు పన్నెండున్నర రైలుకు గుంటూరు వెళ్ళిపోవాలి. అచ్చమ్మ ఇప్పుడు బస్సెక్కినా ఒంటిగంటకు గానీ రాలేదు. ఇది మూడోసారి, పేరు కొట్టేస్తున్నానని నర్సు కలం తీసింది. క్రిస్టినా బతిమాలింది. అప్పుడు నర్సు కాగితాల సంచిలో రెండో ఫైలు చూసి ఒక దారి చెప్పింది. ఈ పెద్దమ్మ పరీక్షలు కూడా సరిగ్గానే ఉన్నాయి. ఈమె ఈ వంతుకు పడుకుంటే, ఇద్దరి పేర్లూ మార్చుకున్నట్టు రాసుకుని, అచ్చమ్మను వచ్చే నెలకు వేస్తుంది.

క్రిస్టినా వీరరాఘవయ్య ఇంటికి ఫోను చేసి, తల్లిని పిలిపించి, సంగతి చెప్పి, ఫోను జ్ఞానమ్మ చేతికిచ్చింది.

"నాకీ పూట చావుగంట కొట్టేశారక్కా," అంది అచ్చమ్మ. "కొలత టేపు కూడా వచ్చింది. ఇవాళ నన్ను కత్తి కింద పడుకోమనకు. నీకు భయమైతే వద్దులే, ఇంటికొచ్చేయ్. పేరు పోతే పోయింది."

"నీకు కీర్తనలు ఇంకెన్ని మిగిలాయి?" అంది జ్ఞానమ్మ.

అక్కకు తెలుసని అచ్చమ్మకు తెలియదు.

"రెండు," అంది అచ్చమ్మ.

జ్ఞానమ్మ ఫోను పెట్టేసి, కళ్ళద్దాలు తీసి క్రిస్టినాకు ఇచ్చి, నర్సు వెంట లోపలికి నడిచింది. తలుపు దగ్గర క్రిస్టినా కళ్ళు తుడుచుకుంటుంటే, ఇంతదానికే ఏంటమ్మా అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. బుధవారం నాడు జ్ఞానమ్మ నల్లద్దాలు పెట్టుకుని ఇల్లు చేరింది. కారు ఆమెను కట్ట మీదే దించింది. రహమతుల్లా మళ్ళీ ఆ వాలు దిగలేదు. డాక్టరు చెప్పి పంపిన జాగ్రత్తల్లో పెద్దది ఒకటే: నలభై రోజులు ఆ కంటికి చుక్క నీరు తగలకూడదు. బయటి నీళ్ళూ తగలకూడదు, లోపలి నీళ్ళూ రాకూడదు. ఈ రెండో ముక్క ఆయన క్రిస్టినా మాట మీద ప్రత్యేకంగా రాయించాడు.

జనవరి మొదటి శనివారం వచ్చింది. కారు కరకట్ట మీద ఆగింది. లోపల రహమతుల్లా బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సామాను ఒక్క చేతిసంచి. మోషే ప్రార్థన మూడు వంతెనలతో ముగిసింది. అచ్చమ్మ గేటు దగ్గర ఆగి, అలవాటుగా రెండు చేతులూ ముందుకు చాపింది.

జ్ఞానమ్మ నల్లద్దాల్లోంచి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చీర ఇంత వెలిసిపోయిందని తనకు ఇన్నాళ్ళూ కనబడనే లేదంది. జాగ్రత్తగా వెళ్ళిరమ్మంది. పాలవాడితో చెప్పినట్టే చెప్పింది.

"అంతేనా?" అంది అచ్చమ్మ.

"అంతే. డాక్టరు చెప్పాడుగా."

అచ్చమ్మ కట్ట ఎక్కి కారులో కూర్చుంది. కారు ఒక్క తొక్కుడుకే కదిలింది. ఆమె వెనక అద్దంలోంచి చూసింది. గేటు దగ్గర అక్క నిలువుగా, పొడిగా నిలబడి ఉంది. పాలకేంద్రానికి వెళ్తే ఏడ్చిన మనిషి, కత్తి కిందికి వెళ్తుంటే ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. భట్టిప్రోలు దగ్గర అచ్చమ్మ ముక్కు చీదింది. వేమూరు దగ్గర రహమతుల్లా కారు పక్కకు ఆపి తన తువ్వాలు ఇచ్చాడు. తెనాలి చేరేసరికి అది పిండేలా తడిసింది.

డాక్టరు టార్చిలైటు వేసి రెండు కళ్ళూ చూసి, ఇంత ఎర్రగా ఉంటే కుదరదు, వచ్చే నెల రమ్మన్నాడు.